నీళ్ళచారలు

మా అమ్మాయిని ఇంట్లో అందరం పిట్ట అంటాం. ఏడో నెలలోనే పుట్టింది, రెండు అరచేతుల్లో పట్టేసేది. అప్పట్నుంచీ నాకు భయం అలవాటైపోయింది. అది చెప్పిన వేళకి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఆ పది నిమిషాల్లో నేను మనసులో ఆసుపత్రి దాకా వెళ్ళి వచ్చేస్తాను. ఫోను మోగితే ఎత్తడానికి ముందు కూర్చోవడానికి కుర్చీ చూసుకుంటాను. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "వార్త మెట్లెక్కి వస్తుందే, మీ అమ్మ కంగారు లిఫ్టులో వస్తుంది, అదే ముందు చేరుతుంది" అని పిట్టతో అంటూ ఉంటాడు. నవ్వితే నవ్వనీ. ఇంట్లో ఒకళ్ళయినా భయపడాలి కదా.

నేను కర్టెన్ల షాపులో కుట్టుపని చేస్తాను. తొమ్మిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పిట్ట ఫిజిక్సులో పెద్ద చదువు చదివింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దాని కోరిక. ఆ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కడం పెద్ద కష్టం కాదు దానికి. ఆ తర్వాత అక్కడి పెద్దల ముందు, కొంతమంది విద్యార్థుల ముందు అరగంట పాఠం చెప్పి చూపించాలి. అక్కడే రెండుసార్లు దెబ్బతింది. మొదటిసారి చేతిలో సుద్దముక్క విరిగి రెండయింది, దాంతో మాట కూడా విరిగిపోయింది. రెండోసారి బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు ఒకాయన ఏదో ప్రశ్న అడిగాడట. జవాబు తెలిసి కూడా గోడలా నిలబడిపోయిందట. ఇంటికొచ్చాక అదే జవాబు గడగడా చెప్పింది, నాకు. నాకు చెప్పి ఏం లాభం?

ఇప్పుడు మూడోసారి పిలిచారు. ఆ వారం పిట్ట మా షాపు నుంచి ఒక ఖాళీ అట్టపెట్టె అడిగి తెచ్చుకుని పుస్తకాల అలమర పక్కన పెట్టుకుంది. ఎందుకే అన్నాను. "ఈసారి రాకపోతే పుస్తకాలన్నీ ఇందులో సర్దేస్తానమ్మా. మీ షాపులో కొలతలు తీసే పని ఉంటే చెప్పు" అంది. ఏడుస్తూ అన్నా బాగుండేది. జడ వేసుకుంటూ, మామూలుగా అంది. ఆ పెట్టె దాటుకుని నడిచిన ప్రతిసారీ నోరు తెరుచుకుని కూర్చున్నట్టు కనపడేది.

పాఠం పేరు తరంగ వేగం, సమూహ వేగం. క్వాంటం మెకానిక్స్‌లో వస్తుందట. సాయంత్రాలు వంటింటి తలుపుని బోర్డు చేసుకుని చెప్పుకునేది. నేను ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. నాకు అర్థమైందల్లా ఒక్కటే. ఎలక్ట్రాన్ అనేది గోళీకాయలాంటిది కాదు, దాన్ని అలగా లెక్కకట్టాలి. ఆ అల ఎంత వేగంగా పోతుందో లెక్క వేస్తే, ఎలక్ట్రాన్ వేగంలో సరిగ్గా సగం వస్తుంది.

సగం అనగానే నా చెయ్యి ఆగింది. మా పనిలో సగం వచ్చిందంటే ఒకటే అర్థం. బట్ట మడత విప్పకుండా కొలిచారని. కొత్తగా చేరినవాళ్ళు నెలకోసారి చేసే తప్పే అది.

"మడత మీద కొలిచావేమో చూసుకోవే" అన్నాను.

పిట్ట నవ్వి, మడత లేదు, నిజంగానే సగం అంది. నేను ఊరుకున్నాను గానీ నా మనసు ఊరుకోలేదు. మర్నాడు మిషను తొక్కుతున్నా అదే, బస్సులో నిలబడినా అదే. ఆ అల ఎలక్ట్రాన్‌దే అయినప్పుడు, ఎలక్ట్రాన్ వీధి చివరికి చేరేసరికి దాని అల వీధి మధ్యలోనే ఉంటుంది కదా. ఇంకా కొంచెం సేపు పోతే? తప్పిపోదూ? చిన్నప్పుడు పిట్ట ఒకసారి రైల్వే స్టేషన్లో నా చెయ్యి వదిలేసింది. నాలుగు నిమిషాలు. అప్పట్నుంచీ వెనకబడటం అనే మాట వింటేనే నాకు గుండె జారుతుంది. సాయంత్రం దాన్నే అడిగాను, అయితే అల వెనకబడిపోదా అని.

పిట్ట చేతిలో పెన్ను కింద పెట్టింది. నా మొహంలోకి కొత్తగా చూసింది. పోయినసారి ఆ ప్రొఫెసరు అడిగిన ప్రశ్న ఇదేనట.

ఆ రోజు అన్నం తినడం కూడా మర్చిపోయి చెప్పింది. అల అంటే ఒక్కటే అయితే దానికి మొదలూ చివరా ఉండవట. ఇక్కడా ఒకటే ఎత్తు, అక్కడా ఒకటే ఎత్తు. ఎలక్ట్రాన్ ఎక్కడుందని అడిగితే ఆ ఒక్క అల ఏ జవాబూ చెప్పలేదట. అందుకని కొంచెం కొంచెం తేడా ఉన్న అలలని చాలా కలపాలి. అవి ఒకచోట ఒకదానికొకటి తోడై ఉబ్బుతాయి, మిగతాచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ ఉబ్బుకే గుంపు అని పేరు. ఎలక్ట్రాన్ దొరికేది ఆ గుంపు ఉన్నచోటే. గుంపు నడకే ఎలక్ట్రాన్ నడక. గుంపులోపలి చిన్న అలలు మాత్రం అందులో సగం వేగంతో నడుస్తాయి.

"వెనకబడతాయమ్మా, నిజమే. వెనకబడి తోక దగ్గర చదునైపోతాయి. తల దగ్గర కొత్తవి పుడుతూ ఉంటాయి. గుంపు మాత్రం ఆగదు."

"పుట్టేది ముందు, పోయేది వెనకా?"

"ఎలక్ట్రాన్‌కి అంతే. చెరువులో నీళ్ళకయితే దీనికి తలకిందులు. అక్కడ అలదే ఎక్కువ వేగం, గుంపుది సగం. అల గుంపు వెనక పుట్టి, మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, ముందు అంచులో మాయమైపోతుంది."

మాయమైపోవడమేమిటే, కళ్ళముందు, అన్నాను. వెళ్ళి చూసుకో అంది.

మా షాపుకీ ఇంటికీ మధ్య ఒక పార్కు ఉంది, అందులో చిన్న చెరువు. మర్నాడు భోజనాల వేళ అక్కడికి పోయాను. అటూ ఇటూ చూసి ఒక ఇటుకముక్క తీసుకున్నాను. చేపకి తగిలితే? పాచిమీద కాలు జారితే? నాకు ఈత కూడా రాదు. ఆ మెట్టు మీద రెండు నిమిషాలు అలాగే నిలబడేసరికి కాపలాదారు గబగబా వచ్చేశాడు. నేనేదో అఘాయిత్యం చేసుకోబోతున్నానని అనుకున్నాడు పాపం. ఏం పారేసుకున్నావమ్మా అన్నాడు. ఏమీ పారేసుకోలేదు, ఒక అల ఎక్కడికి పోతుందో చూడాలి అన్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళిపోలేదు మాత్రం.

మొదటి ఇటుకకి నాకేమీ తెలియలేదు. గుండ్రంగా అలల కట్ట ఒకటి బయలుదేరింది, అన్నీ కలిసి పోయాయి. రెండో ఇటుకకి, స్కూలు వదిలేటప్పుడు ఆ గుంపులో మన పిల్లని ఒక్కదాన్నే చూస్తామే, అలా ఒక్క అలమీదే కళ్ళు పెట్టాను. కట్ట లోపలి అంచున సన్నగా లేచింది. మధ్యకి వచ్చేసరికి బాగా ఎత్తు పెరిగింది. ముందున్నవాటిని తోసుకుంటూ పోలేదు, ముందున్నవే లేకుండా పోతున్నాయి. బయటి అంచుకి చేరిందో లేదో, పలచబడి, అంతే. లేదు. వెతికాను. నా అల లేదు. కట్ట మాత్రం తాపీగా, ఏమీ జరగనట్టు, గట్టువైపు వస్తూనే ఉంది. లోపలి అంచున ఇంకోటి లేస్తోంది.

నిజం చెప్పొద్దూ, ముందు భయమే వేసింది. తర్వాత ఇంకోసారి చూడాలనిపించింది. నాకు భయం తర్వాత వేరే ఏదైనా వెయ్యడం అరుదు. కాపలాదారు తనే ఒక రాయి పట్టుకొచ్చాడు. ఏది, ఎక్కడ చూడాలో చెప్పమ్మా అన్నాడు. ముగ్గురు నలుగురం అయ్యాం చివరికి. షాపుకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాను, ఎప్పుడూ లేనిది.

ఆ సంగతి పిట్టకి చెప్పాను. తన క్లాసులో అందరూ లెక్క చేసినవాళ్ళే గానీ, ఒక్కరూ వెళ్ళి చూసినవాళ్ళు లేరంది. తర్వాత లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. క్లాసులోకి చెరువు తీసుకెళ్ళలేం కదా అని గొణిగింది. ఉన్నట్టుండి కిటికీ తెర పట్టుకుని వెలుగుకి అడ్డంగా చూసి, "అమ్మా, మీ షాపులో నిలువుగీతల పలచటి నెట్టు బట్ట ముక్కలు ఉంటాయి కదా, రెండు కావాలి. నేనే వచ్చి ఏరుకుంటా" అంది.

వచ్చింది. మిగులు ముక్కల గుట్టలో గంటసేపు కూర్చుంది. ఒకదానిమీద ఒకటి వేసి వెలుగుకి పట్టడం, పారెయ్యడం, మళ్ళీ పట్టడం. చివరికి రెండు ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది. అంచులు మడిచి కుట్టమంది, పైన ఒక్కోదానికి ఒక కడ్డీ, కింద బరువుకి పట్టీ వెయ్యమంది. క్లాసులో ఒక కడ్డీ తను పట్టుకుంటుందట, వెనక కడ్డీ నేను పట్టుకోవాలట. ఇంకెవరూ దొరకలేదా అంటే, ఇంకెవరికీ అంగుళంలో పావు కూడా తేడా రాకుండా జరపడం రాదంది. ఆ మాటకి ఒప్పుకోక తప్పలేదు. నెట్లు ఇంకా షాపులోనే ఉన్నాయి కాబట్టి ఇంట్లో రెండు పాత దుప్పట్లతో సాధన చేశాం. అది ముందు దుప్పటి పది అంగుళాలు జరిపేలోపు నేను వెనకది పదిన్నర జరపాలి. దేనికని అడిగితే చెప్పలేదు. అక్కడే చూడు, నువ్వు ఆశ్చర్యపోతే నాకు ధైర్యం వస్తుంది అంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి.

పాఠానికి ముందురోజు మధ్యాహ్నం షాపులో ఆ రెండు ముక్కలూ కుట్టి, కడ్డీలు దూర్చి, కిటికీ దగ్గర ఒకదాని వెనక ఒకటి వేలాడదీసి చూశాను. చూడగానే ప్రాణం ఉసూరుమంది. అడుగడుక్కీ నల్లగా, తెల్లగా నిలువు చారలు. నెట్టులో లేని చారలు. వాటిని మేం నీళ్ళచారలు అంటాం. నెట్టు తెరలు జంటగా వేసినప్పుడు వచ్చే దోషం అది. కిటికీ ముందు నడుస్తుంటే చారలు కూడా మనతో నడుస్తాయి, ఇంటివాళ్ళకి కళ్ళు తిరుగుతాయి, తెరలు మూటకట్టి తిరిగి పట్టుకొస్తారు. మా కటింగ్ మాస్టరు దీనికి రెండు నియమాలు పెట్టాడు. జంట తెరలు రెండూ ఒకే తానులోంచి కొయ్యాలి. రెండు కడ్డీల మధ్య రెండు వేళ్ళకి మించి సందు ఉండకూడదు. పదకొండేళ్ళుగా నేను ఈ రెండు నియమాలూ తప్పలేదు.

మాస్టరు కూడా కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. "చెల్లెమ్మా, ఇవి రెండు తాన్లవి. దీంట్లో గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పెద్ద చదువులు చదివిందిగానీ పిల్లకి బట్ట తెలీదు పాపం" అన్నాడు.

నా కళ్ళముందు అంతా కనపడిపోయింది. పిట్ట తెర విప్పుతుంది. చారలు పడతాయి. తల్లి కర్టెన్లు కుడుతుందట, చూడండి ఆ కుట్టు, అని ఎవరో నవ్వుతారు. పిట్ట నోరు మూతపడుతుంది. అట్టపెట్టె. వెంటనే రెండో ముక్క విప్పేసి, మొదటి ముక్క ఏ తానుదో ఆ తాను వెతికి, అదే కొలతకి ఇంకోటి కోసి కుట్టాను. పక్కపక్కన పెట్టి చూస్తే గీత మీద గీత కూర్చుంది. ఎంత శుభ్రంగా ఉందో. ఇస్త్రీ చేసి, మడత పడకుండా కడ్డీలకే చుట్టి, కాగితం కప్పాను. పిట్టకి చెప్పలేదు. ముందురోజు దాన్ని ఎందుకు కంగారుపెట్టాలి? ఇంటికొచ్చాక అది విప్పబోతే, ముడతలు పడతాయి, అక్కడే విప్పుదాం అని చెయ్యి పట్టుకుని ఆపాను కూడా.

కాలేజీ గది పెద్దది. వెనకంతా కిటికీలు, ఎండ నేరుగా పడకుండా మంచి వెలుతురు. ముందు బెంచీలో ప్రిన్సిపాల్ మేడమ్, ఆవిడ పక్కన ఇద్దరు, చివర్న తెల్లజుట్టు ఆయన ఒకరు. పిట్ట ఆయన్ని చూసి అడుగు ఆపింది. అది చూశాక నాకు చెప్పక్కర్లేకపోయింది. పోయినసారి ప్రశ్న అడిగినాయన. ఎక్కడ పాఠం పెట్టినా బయటి నిపుణుడంటే ఆయన్నే పిలుస్తారట. వెనక బెంచీల్లో ముప్పైమంది దాకా విద్యార్థులు. రెండు స్టాండ్ల మీద ఒక చెక్కపట్టీ అమర్చి, దానికి టేపు అంటించాం. నేను చెక్క వెనక నిలబడ్డాను. అంతమంది ఎదురుగా నిలబడటం నా పెళ్ళిలో కూడా నా వల్ల కాలేదు.

పిట్ట మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉంది గానీ ఆగలేదు. అల గురించి చెప్పింది, తేడా ఉన్న అలలు కలవడం గురించి చెప్పింది. "ఇప్పుడు రెండు అలలు కలిస్తే ఏమవుతుందో చూపిస్తాను" అని నావైపు తలూపింది. కడ్డీలు చెక్కమీద పెట్టాం. కాగితం తీసి నెట్లు విప్పాం.

ఏమీ లేదు. రెండు నెట్లూ కలిసి ఒక్క నెట్టులా ఉన్నాయి.

పిట్ట ముందు కడ్డీని కొంచెం జరిపింది. మొత్తం ఒక్కసారి ముదురైంది, ఇంకొంచెం జరిపితే మొత్తం ఒక్కసారి పలచనైంది. అంతే. అది నెట్టుని చూసింది, వేలితో గీతలు తడిమింది. గదిలో కుర్చీ ఒకటి కిర్రుమంది. నాకు అప్పుడు తెలిసింది. నేను విప్పి పారేసింది దోషం కాదు, దాని పాఠం. ఆ చారలే గుంపు.

"అమ్మా, ఇవి రెండూ ఒకే తానా?"

మెల్లగా అడిగింది, కోపంగా కాదు. అవునన్నాను. చారలు పడుతున్నాయని మార్చేశానన్నాను. ముందు బెంచీ దాకా వినపడే ఉంటుంది.

అయిపోయింది అనుకున్నాను. మూడోసారి సుద్దముక్కా కాదు, ప్రొఫెసరూ కాదు, కన్నతల్లి. పిట్ట కళ్ళు మూసుకుంది. నాలుగు క్షణాలు. తెరిచి, బెంచీలవైపు తిరిగింది.

ఇది మీరు చూడాల్సిందే అంది వాళ్ళతో. రెండు తెరలున్నా గీతల వరస ఒకటే, అంటే ఇది ఒక్క అలే. జరిపితే మొత్తం జరుగుతుంది. ఇందులో ఎలక్ట్రాన్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరా అని అడిగింది. ఎవరూ చూపించలేకపోయారు. ఒకే అలతో గుంపు కట్టదు, తేడా కావాలి అంది. ఆ తేడా ఇప్పుడు ఎక్కడినుంచి తెస్తుంది, పాపం? నావైపు చూసింది. ఆ చూపు రైల్వే స్టేషన్లో దొరికినప్పుడు చూసిందే.

నాకున్న చదువంతా రెండు నియమాలు. మొదటిదాన్ని నిలబెట్టి పిట్టని ముంచాను. రెండోది మిగిలింది.

కడ్డీని చెక్కమీంచి ఎత్తాను. వెనక్కి జరిగాను. రెండు వేళ్ళు, నాలుగు వేళ్ళు, బెత్తెడు. జానెడు దూరం వచ్చేసరికి గదిలో చిన్న గాలి వీచినట్టు అందరూ ఒకేసారి ఊపిరి తీశారు. వెనక నించున్న నాకు కనపడలేదు గానీ, పిట్ట రెండడుగులు పక్కకి వచ్చి చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. దూరంగా ఉన్న నెట్టు కంటికి సన్నగీతలుగా కనిపిస్తుంది. ఒకే తానయినా అక్కడ తేడా పుట్టేస్తుంది. పదకొండేళ్ళు రాకుండా అడ్డుకుంటూ వచ్చిన నీళ్ళచారల్ని ఆ రోజు చేతులారా తెప్పించాను.

పిట్ట గొంతు మారింది. నా దగ్గరికి వంగి, పదిన్నర కాదమ్మా, నువ్వు వెనక్కి జరిగావు కాబట్టి పదకొండుంపావు జరపాలి అంది. అంత లెక్క ఆ కాస్తలో ఎలా కట్టిందో. నా చీరకి ఎప్పుడూ ఉండే గుండుసూదుల్లో ఎర్రతలది ఒకటి తీసుకుని ముందు నెట్టులో ఒక గీతకి గుచ్చింది. సూది ఒక నల్లచార మధ్యలో ఉంది. ఇద్దరం ఒకేసారి జరిపాం. అది పది, నేను పదకొండుంపావు. సూది టేపు మీద పది అంగుళాలు నడిచింది. నల్లచార దాన్ని దాటుకుని ఇరవై దగ్గరికి వెళ్ళి ఆగింది. ముందు బెంచీకి ఇరవై, వెనక కూర్చున్నవాళ్ళకి చారలు ఇంకా వెడల్పుగా, ఇంకా దూరం పోయినట్టు కనిపిస్తాయి, లెక్క ముందు బెంచీకి కట్టాను అని పిట్ట దాచకుండా చెప్పింది.

అప్పుడు తెల్లజుట్టు ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సూది వెనకబడిపోయింది. ఎలక్ట్రాన్ తన అలని వదిలేసి పోయినట్టేనా మరి?"

అదే ప్రశ్న. పిట్ట భుజాలు బిగుసుకోవడం వెనక నుంచే కనపడింది. ఒకటి, రెండు, మూడు, నేను లెక్కపెడుతున్నాను. అయిదు దాటితే ఇక అది మాట్లాడదు, నాకు తెలుసు. చేతులు పట్టేస్తున్నాయి, కడ్డీ వణుకుతోంది, చారలు కూడా వణుకుతూనే ఉంటాయి. నోట్లోంచి ఏదో ఒకటి రావాలనిపించింది, వచ్చింది.

"వెనక పుట్టి ముందుకెళ్ళి మాయమవుతుంది కదే, చెరువులో చూశానుగా" అన్నాను.

"అబ్బా, అది నీళ్ళకమ్మా" అంది పిట్ట, ఇంట్లో అన్నట్టే విసుగ్గా. "దీనికి తిరగెయ్యాలి. ఇది ముందు పుట్టి వెనక పోతుంది."

అక్కడినుంచి ఇక ఆగలేదు. చార ముందు అంచు చూపించింది. ఇప్పుడు ఇక్కడున్న గీతలు ఇందాక ఇందులో లేవు, ఇవి కొత్తగా చేరినవి అంది. సూదిని చూపించి, ఇది ఇందాక గుంపు మధ్యలో ఉంది, ఇప్పుడు బయటపడిపోయింది అంది. ఎలక్ట్రాన్ ఏ ఒక్క గీతదీ కాదు. ఏ గీతా దానికి మొదట్నుంచీ చివరిదాకా తోడు రాదు. గుంపుని పట్టుకున్నవాళ్ళకే ఎలక్ట్రాన్ వేగం దొరుకుతుంది. బోర్డుమీద లెక్క వేసింది. సగం వచ్చింది, దాని పక్కన గుంపు వేగం పూర్తిగా వచ్చింది. ఆ రెండు లెక్కలూ నాకు కూడా అర్థమైనట్టే అనిపించింది.

కావాలనే తిరగేసి చెప్పావా అని తర్వాత మా ఆయన చాలాసార్లు అడిగాడు. నాకే తెలియదు. భయంలో నాకు కుడీ ఎడమా కూడా తెలియవు.

తెల్లజుట్టు ఆయన లేచి వచ్చాడు. నన్ను చెరువు సంగతి అడిగాడు. రెండు ఇటుకలు వేశానండీ, చేపలకేం కాలేదు అన్నాను. విద్యార్థులు గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. ఒక్క అల మీదే కళ్ళు పెట్టడం ఎలా వీలైందని అడిగాడు. పిల్ల తల్లిని కదండీ అన్నాను. ఆయన నా చేతిలోంచి కడ్డీ తీసుకుని, మీరు వెళ్ళి ముందునుంచి చూడండి, ఇందాకట్నుంచీ మీరే చూడలేదు అన్నాడు.

వెళ్ళి ముందు బెంచీ పక్కన నించున్నాను. పిట్ట జరిపింది, ఆయన జరిపాడు. ఆయన చెయ్యి పావు అంగుళం తప్పింది, అయినా చార నడిచింది. అవతల ఇద్దరు మనుషులు నెమ్మదిగా జరుగుతుంటే మధ్యలో ఎవరిదీ కాని నీడ ఒకటి వాళ్ళిద్దరికంటే వేగంగా పోతోంది. నోరు తెరుచుకుని చూశాను. పిట్ట నెట్టు పక్కనుంచి తొంగి నా మొహమే చూస్తోంది.

బస్సులో ఇంటికి బయలుదేరాం. నేను తప్పు ఒప్పుకున్నాను, ఇంకెప్పుడూ అడక్కుండా ఏదీ మార్చనన్నాను. మారుస్తావులే అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, రాకపోయినా ఆ పాఠం ఇంకోసారి చెప్పాలనుందమ్మా అంది. ఉత్తరం రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజుల్లో నేను పోస్టులో ఉత్తరాలు ఎన్ని విధాలుగా పోతాయో అన్ని విధాలూ ఆలోచించాను. వచ్చింది. సోమవారం చేరమన్నారు. మా ఆయన చదివి వినిపించాక, పేరు సరిగ్గా రాశారో లేదో ఇంకోసారి చూడమన్నాను.

అట్టపెట్టెలో ఇప్పుడు కడ్డీలూ, నెట్లూ, ఎర్రతల సూదీ ఉన్నాయి. రెండు తాన్లవి మళ్ళీ కుట్టిన జత ఒకటి, ఒకే తానుది ఒకటి. రెండు జతలూ పాఠంలో కావాలని పిట్టే పట్టుబట్టింది. ఆ కాలేజీ కిటికీలకి ఊచలు లేవు, అది రెండో అంతస్తు. దాని సంగతి వాళ్ళతో మాట్లాడమని చెప్పాను.

మొన్న షాపుకి ఒకావిడ జంట తెరలు మూటకట్టి పట్టుకొచ్చింది. నీళ్ళచారలట, కళ్ళు తిరుగుతున్నాయట. వేరే ఎవరో కుట్టినవి. మాస్టరు నాకు అప్పజెప్పాడు, అదే తాను బట్ట వెతికి ఒకటి మార్చమని. సరేనన్నాను. కిటికీ దగ్గర వేలాడదీశాను, కత్తెర తీసుకున్నాను. ఆవిడ పనుంది తొందరగా కానిమ్మంది.

ఒక్క నిమిషం ఆగండమ్మా అని ఒక గుండుసూది తీసి ముందు తెరకి గుచ్చాను. ఆ కొస కొంచెం పట్టుకుని, నేను చెప్పినప్పుడు జరపండి అన్నాను.